ఖాళీ ప్లేట్ల బల్ల

జూన్ 3

నాకేం కుళ్ళు లేదు. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను.

స్పానిష్ క్లాసులో ఈ రోజు జంటలు వేశారు. టీచరమ్మకి ఒక పద్ధతి ఉంది. మొగుడూ పెళ్ళాలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టదు. "మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోరు, మూలుగుతారు. మూలుగు ఏ భాషలోనైనా ఒకటే. దానికి నా దగ్గర నేర్చుకునేదేం లేదు" అంది. అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే ఒక పిసరు ఎక్కువ నవ్వారు.

ఆయన్ని క్లాసులో ఉన్న ఒక నర్సుతో వేసింది. నన్ను ఒక బస్సు డ్రైవరు బాబాయితో వేసింది. కోర్సు అయ్యేదాకా ఇవే జంటలట.

జూన్ 4

ఆయన విదేశం వార్త తెచ్చిన రోజే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. గుమ్మం దగ్గర షూ లేసు విప్పుకుంటూ చెప్పారు. "రెండేళ్ళు వెళ్ళమంటున్నారు. అక్కడో రేవు పట్నంలో లిఫ్టుల పనంతా మా కంపెనీకే వచ్చింది. అక్కడంతా స్పానిషే. కుటుంబాన్ని తీసుకెళ్ళచ్చట." అని ఆ లేసు పట్టుకునే వంగి ఉండిపోయారు. నువ్వూ వస్తావా అని ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని నేను నిలబడ్డాను. అడగలేదు. లేసు ముడి మాత్రం విప్పుతూనే ఉన్నారు.

"రెండేళ్ళే కదా, వెళ్ళి రండి" అన్నాను.

అందులో తప్పేముంది? తీసుకెళ్ళాలని ఉన్న మనిషి "కుటుంబాన్ని తీసుకెళ్ళచ్చట" అంటాడా? అది కంపెనీ మాట. "నిన్ను తీసుకెళ్తాను" అనేది మనిషి మాట. ఆయన "సరే" అని లోపలికి వెళ్ళిపోయారు.

క్లాసులో నేను కూడా చేరతానంటే, ఎందుకని అడగలేదు. నా కళ్ళజోళ్ళ షాపుకి ఓడల వాళ్ళు వస్తుంటారు, పనికొస్తుందని నేనే చెప్పాను. "మంచిదే" అన్నారు. ఆయన తీసుకెళ్తే ఆ భాష నాకు కావాలి. తీసుకెళ్ళకపోతే...

జూన్ 10

క్లాసులో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ కోసం రాసింది. టీచరమ్మ దాన్ని తెరుస్తుంది, ఒక పేజీ చదివిస్తుంది, తరువాత మూసేసి "ఇలా మాట్లాడితే అక్కడ మిమ్మల్ని కోర్టు గుమాస్తా అనుకుంటారు" అంటుంది. ఇంగ్లీషు అలవాటు ఉన్నవాళ్ళు ప్రతి మాటకీ ప్లీజ్ తగిలిస్తారట. అక్కడ కాఫీ కావాలంటే "ఒక కాఫీ ఇయ్యి" అనడమే. మర్యాదంతా గొంతులో, ముఖంలో ఉండాలట. అలాగే ప్రతి వాక్యం ముందూ నేను, నేను అనకూడదట. "పొద్దస్తమానం నేను నేను అంటూ ఉంటే పక్కవాళ్ళు పారిపోతారు" అంది. అది నాకు చెప్పక్కర్లేకుండానే వచ్చేసింది. మనం మాత్రం "నేను వస్తున్నాను" అంటామా, "వస్తున్నా" అంటాం. టీచరమ్మ నన్ను మెచ్చుకుంది. మా ఆయన మాత్రం స్పానిష్ మాట్లాడితే లిఫ్టులో రికార్డు చేసిన గొంతులా ఉంటుంది. తలుపులు మూసుకుంటున్నాయి, పక్కకు జరగండి, అలా.

ఇదంతా మొదటి గంట. రెండో గంటే అసలు సంగతి. ఆ దేశాల్లో భోజనం అయ్యాక ఎవరూ వెంటనే లేవరట. ఎంగిలి ప్లేట్లు ముందు పెట్టుకుని గంటలు గంటలు కబుర్లు చెప్పుకుంటారట. దానికో పేరు కూడా ఉంది, సోబ్రెమేస. అందుకని ప్రతి బల్ల మీదా రెండు ఖాళీ ప్లేట్లు, రెండు గ్లాసులు పెడుతుంది. అన్నం తినేసినట్టు అనుకోవాలి. ఎవరు ఎవరుగా ఉండాలో జంట వాళ్ళే తేల్చుకోవాలి. ఆవిడ గంట కొట్టేదాకా ఏ ఒక్కరూ కుర్చీలోంచి లేవడానికి లేదు.

ప్లేట్లు ఎండిపోతే తోమడం ఎంత కష్టమో ఆ దేశం వాళ్ళకి తెలియదు కాబోలు.

జూన్ 12

నర్సు ఈ రోజు మా ఆయన్ని "మి వీద" అంది. నా ప్రాణమా అని అర్థం.

టీచరమ్మ వెంటనే అందరికీ వివరించింది. అక్కడ కూరగాయలమ్మే ఆవిడ కూడా అలాగే అంటుందట, చిల్లర ఇచ్చేటప్పుడు నా గుండె, నా ఆకాశం అంటారట, ఆ మాటలకి బరువేమీ ఉండదట. ఇంగ్లీషు వాళ్ళు అది విని ప్రేమ అనుకుని ఎన్నెన్నో ఊహించుకుంటారట. నాకు తెలియదా? మా వీధి చివర పళ్ళావిడ నన్ను "బంగారం" అంటూనే మచ్చల మామిడికాయ సంచిలో వేస్తుంది. మాటకి బరువు లేదని నాకు బాగా తెలుసు. కానీ ఆ మాట విని మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెవులు కూడా బరువు లేకుండానే ఎర్రబడతాయా?

ఇంకొకటి. క్లాసులో అందరూ అందరినీ నువ్వు అనే అనాలి. పధ్నాలుగేళ్ళుగా నేను ఆయన్ని మీరు అంటున్నాను. ఆవిడ రెండో వారానికే నువ్వు.

జూన్ 13

నర్సు జుట్టు సగం నెరిసిపోయింది. రంగు కూడా వేసుకోదు. నాకంటే ఆరేడేళ్ళు పెద్దదై ఉంటుంది.

ఇది ఎందుకు రాశానో తెలియదు.

జూన్ 17

డ్రైవరు బాబాయికి నా మీద కోపం వచ్చింది. ఆయన స్పానిష్ నేర్చుకునేది కోడలి కోసం. కొడుకు ఆ భాష పిల్లని చేసుకున్నాడు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. కొడుకు డ్యూటీకి వెళ్ళాక మామా కోడలూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని తలలూపుకుంటారట. "ఎంతకాలమని ఊపుతానమ్మా, మెడ నొప్పి పుడుతోంది" అంటాడు.

మా ఆయన బల్ల సరిగ్గా నా వెనకే. ఫ్యాను చప్పుడులో సగం వినపడదు. ఒక చెవి అటు వేసి, బాబాయి ఏం చెప్పినా "మూయ్ బియెన్" అంటున్నాను, అంటే చాలా బాగుంది అని. కాసేపయ్యాక బాబాయి కుర్చీ వెనక్కి జరుపుకుని తెలుగులోకి వచ్చేశాడు.

"ఇంతకీ నేనేం చెప్పానో విన్నావా? మా ఆవిడ పోయి మూడేళ్ళయింది అన్నాను. చాలా బాగుంది అన్నావు."

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమన్నాను. "పర్లేదులే, నీ మనసు వెనక బల్ల మీద ఉంది. కానీ ఆ మెడ కాస్త ఇటు తిప్పు, పట్టేస్తుంది" అన్నాడు. ఆ బాబాయికి అన్నీ కనిపిస్తాయి. బస్సు అద్దాల్లో వెనక చూసి చూసి అలవాటు.

మా ఆయన ఆ బల్ల దగ్గర చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నారు. చేతులు! ఇంట్లో రిమోట్ ఎక్కడుందని అడగడానికి కూడా గడ్డంతో చూపించే మనిషి.

జూన్ 19

భోజనం అయ్యాక "కాసేపు కూర్చో" అన్నారు. అప్పటికే ప్లేట్లు నా చేతిలో ఉన్నాయి.

ఎందుకన్నాను. ఊరికే అన్నారు. ఊరికే కూర్చుని కబుర్లు చెప్పడానికి వేరే మనిషి ఉందిగా, నాకు వంటింటి కుళాయి కారుతోంది, అది ఎవరు చూస్తారు అన్నాను. ఆయన పానా తెచ్చుకుని సింకు కింద దూరారు. కుళాయి ఇప్పుడు కారడం లేదు.

కూర్చుంటే ఏమనేవారో. ఏముంటుంది, "నర్సు ఈ రోజు ఏం చెప్పిందో తెలుసా" అని మొదలుపెట్టేవారు. వినే ఓపిక నాకు లేదు. మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్తే "అక్కా, నువ్వు కుళ్ళుకుంటున్నావు" అంది. అది చిన్నప్పటి నుంచీ అంతే, దానికి అన్నీ అలాగే కనిపిస్తాయి.

జూన్ 24

ఈ రోజు ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. కిటికీలు తెరిచి పాఠం నడిపించింది టీచరమ్మ. గదిలో ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోంది.

మా ఆయన ఏదో అడుగుతున్నారు. నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "రెండేళ్ళు" అన్నది విన్నాను. "ఇల్లు" అన్నది విన్నాను. "ఒక్కణ్ణే" అన్నది విన్నాను. నర్సు కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడైంది. తరువాత అంది: "వోయ్ కొంతీగో."

నీతో వస్తాను.

తప్పు విన్నానేమో అనుకునే వీలు కూడా లేదు. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. "వోయ్ కొంతీగో, మి వీద." మా ఆయన నవ్వారు. నేను ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. పెళ్ళైన కొత్తలో గొడుగు తిరగబడి ఇద్దరం తడిసిపోయిన రోజు అలా నవ్వారు. ముందున్న గ్లాసు తీసి నీళ్ళు తాగబోయాను, అందులో నీళ్ళు లేవు.

జూన్ 25

నర్సుకి ఏ దేశంలోనైనా ఉద్యోగం దొరుకుతుంది.

జూన్ 26

క్లాసు గదికి కింద టీ కొట్టు ఉంది. నర్సు డ్యూటీ నుంచి నేరుగా వస్తుంది, అక్కడ టీ తాగి పైకి వస్తుంది. నేనూ ముందుగా వెళ్ళాను. ఒకటే మాట చెప్పాను. ఎంత నెమ్మదిగా చెప్పానంటే, విన్నవాళ్ళు నాకంటే మంచిది లేదనుకుంటారు.

"మా ఆయనకి మీతో కూర్చోవడం కాస్త ఇబ్బందిగా ఉందండీ. మొహమాటం మనిషి, మీతో చెప్పలేరు. నేను చెప్పానని కూడా అనకండి."

నర్సు ముఖం చిన్నబోయింది. "అయ్యో, ముందే చెప్పాల్సిందమ్మా" అంది. టీ సగంలో వదిలేసి పైకి వెళ్ళింది. టీచరమ్మతో ఏం మాట్లాడిందో తెలియదు. బల్లలు మారాయి. నర్సు బాబాయి దగ్గరికి వెళ్ళింది. మిగిలింది మేమిద్దరమే. టీచరమ్మ నా వంక, ఆయన వంక మార్చి మార్చి చూసి, "సరే, మీ ఇష్టం, మూలుక్కోండి" అంది.

విచిత్రం ఏమిటంటే ఈ రోజు పాఠం కూడా తనంతట తానే జరిగేవాటి గురించి. చేతిలో కప్పు పడి పగిలితే ఇంగ్లీషు వాళ్ళు "నేను పగలగొట్టాను" అని నెత్తిన వేసుకుంటారట. అక్కడ అలా అనరు, కప్పు తనంతట తానే నా చేతిలోంచి పడింది అన్నట్టు చెబుతారట. మనకిది కొత్తా? చెయ్యి జారింది అంటాం. క్లాసులో అందరికంటే ముందు నేనే చెప్పాను. శభాష్ అనిపించుకున్నాను.

బల్లలు మారాయి. అంతే.

జూలై 1

ఖాళీ ప్లేట్లు ముందు పెట్టుకుని ఎదురుబొదురు కూర్చున్నాం. ఏం తిన్నావని స్పానిష్‌లో అడిగాను. నువ్వు వండిందే అన్నారు. బాగా నిద్రపట్టిందా అన్నాను. నీకు తెలుసుగా అన్నారు. ఆ పైన ఏం అడగాలో నాకు తోచలేదు. తెలియనిదాన్నే కదా అడుగుతారు. ఆయన గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చున్నారు. వాక్యాల కూర్పులో క్లాసులో మొదటిదాన్ని నేను. అన్నీ సరిగ్గా కూర్చగలను, కూర్చడానికే ఏమీ లేదు.

ముందున్న బల్ల దగ్గర బాబాయి, నర్సు పడి పడి నవ్వుతున్నారు. బాబాయి కోడలితో ఏదో మాట్లాడాడట, ఆ పిల్ల ఏడ్చేసి కాళ్ళకి దండం పెట్టినంత పని చేసిందట. నాతో ఉన్నన్నాళ్ళూ బాబాయికి ఒక్క ముక్క రాలేదు. నర్సు ఎవరి ఎదురుగా కూర్చుంటే వాళ్ళకి నోరొస్తుంది.

లేవడానికి లేదు. గంట కొట్టేదాకా అలాగే కూర్చున్నాం.

జూలై 3

ఇంటికొచ్చే దారిలో "నర్సుకి నా మీద విసుగొచ్చినట్టుంది" అన్నారు ఆయన. నేను కరెంటు బిల్లు సంగతి ఎత్తాను.

జూలై 8

వెళ్ళాం. కూర్చున్నాం. వచ్చాం.

జూలై 15

ఆయన కంపెనీ పెట్టిన స్పానిష్ పరీక్ష పాసయ్యారు. అంచు మీద పాసు. కంపెనీ ఇంజనీరు షాపుకి వచ్చాడు, చత్వారం అద్దాల కోసం. మాటల్లో చెప్పాడు. "ఒక్కడినే వెళ్తానన్నాడమ్మా మీవాడు. ఒంటరి వాళ్ళకి వేరే వసతి, అది ఖాయం చేసేస్తున్నాం" అన్నాడు. అలాగా అన్నాను. అద్దాలు చూపించాను, ధర చెప్పాను, సంచిలో పెట్టి ఇచ్చాను. నవ్వుతూనే ఉన్నాను.

ఇంట్లో ఆయన నాతో ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. నేనెందుకడగాలి?

ఒక్కడినే అన్నారంటే, ఆవిడ విడిగా వస్తుందన్నమాట. ఒకే విమానంలో వెళ్తే అందరికీ తెలుస్తుందని.

జూలై 18

పొద్దున షాపు తెరిచేసరికి నర్సు మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు దగ్గర ప్యాడ్ ఊడింది, కాడ వదులైంది. లోపలికి రమ్మన్నాను. మర్యాదగానే రమ్మన్నాను.

ప్యాడ్ బిగించి కాడ వేడి చేస్తున్నాను. కళ్ళజోడు లేకుండా ఆవిడ కళ్ళు చిన్నవైపోయాయి, అలసిపోయిన ముఖం. "మీ ప్రయాణం ఎప్పుడు?" అని అడిగింది. ఆయనొక్కరే వెళ్తున్నారని చెప్పాను. చెప్తూ ఆవిడ ముఖంలో ఏం మారుతుందా అని చూశాను.

"అదేంటమ్మా, ఇంకా మిమ్మల్ని అడగలేదా?" అంది. "నా చేత అన్నిసార్లు చేయించారే."

ఏం చేయించారన్నాను. ఆవిడ చెప్పింది. మొదటి రోజు ఎవరు ఎవరుగా ఉండాలో తేల్చుకోమంటే, తక్కినవాళ్ళు పక్కింటివాళ్ళు, అక్కాతమ్ముళ్ళు అని ఏవేవో అనుకున్నారట. మా ఆయన మాత్రం "మీరు మా ఆవిడగా ఉండండి" అన్నారట. రోజూ ఒకటే సంగతి. రెండేళ్ళు వెళ్ళాలి, ఒక్కణ్ణే ఉండలేను, నువ్వూ వస్తావా అని అడగడం. నర్సు వస్తాననేది. ఆయన ఒప్పుకునేవారు కాదట. "మా ఆవిడ అంత తేలిగ్గా అనదండీ. ముందు కుళాయి కారుతోందంటుంది. తరువాత షాపు సంగతి ఎత్తుతుంది. తరువాత లేచిపోతుంది. ఆవిడకి షాపంటే ప్రాణం, నా వెంట తిప్పితే జీవితమంతా దెప్పుతుందేమో. మళ్ళీ మొదటినుంచి" అనేవారట. ఆవిడ చేత పది రకాలుగా రానని చెప్పించుకున్నారట. ఒక్కోసారి ఒక్కో రకంగా బతిమాలి చూసేవారట.

"రానన్నప్పుడల్లా ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని" అంది నర్సు. "కరెంటు పోయిన రోజు ఇంక నావల్ల కాలేదమ్మా. నిజంగా మీరు ఏమంటారో నాకనవసరం అనుకుని, నీతో వస్తాను అని గట్టిగా చెప్పేశాను. అప్పుడు నవ్వారు. ఆ తరువాత మీరు వచ్చి ఇబ్బంది అన్నారు. ఇంట్లో అడిగేసి ఉంటారు, ఇంక నాతో పనిలేదేమో అనుకున్నాను."

కాడ మరీ వేడెక్కి వంకర పోయింది. మళ్ళీ సరిచేశాను. ఆవిడ చెవి వెనక కూర్చోబెట్టి, నొక్కుతోందా అని అడిగాను. బాగుందంది. డబ్బులు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఆవిడకి చెప్పలేదు.

సాయంత్రం

ఇన్నాళ్ళూ నర్సు మీద కుళ్ళుకున్నాను. అవును, కుళ్ళే. ఆవిడ మీద ఇప్పుడు ఏమీ లేదు. ఇప్పుడున్నదంతా ఆ బల్ల దగ్గర కూర్చున్న ఇంకో నా మీద. దానికి కుళాయి కారినా పట్టదు, షాపు అక్కర్లేదు. ఆయన వచ్చీ రాని భాషలో ఒక్కో మాటా ఏరుకుని అడుగుతుంటే కూర్చుని విన్నది. వింటే ఆ మాటలు ఎలా ఉండేవో. పది రకాల బతిమాలడం అంతా అదే దక్కించుకుంది. నాకు "తీసుకెళ్ళచ్చట" మిగిలింది. ఆయన్ని నవ్వించింది కూడా అదే. దాన్ని ఆ కుర్చీలోంచి లేపిందాన్ని మాత్రం నేను. బల్లలు వాటంతట అవి మారలేదు.

జూలై 19

పొద్దున ఆయన పనికి వెళ్ళబోతూ సంచిలో స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్నారు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నిన్నటి నుంచి ఎలా మొదలుపెట్టాలా అని ఎన్నో రకాలు అనుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేనూ వస్తాను" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. ఎక్కడికి అని కూడా అడగలేదు. "నర్సు చెప్పిందా?" అన్నారు.

చెప్పిందన్నాను. ఆవిడకి మీ మీద విసుగేం రాలేదు, మీకు ఇబ్బందిగా ఉందని నేనే వెళ్ళి అబద్ధం చెప్పాను, కుళ్ళుతో చెప్పాను అన్నాను. ఒక్క ఊపిరిలో అనేశాను. ఆయన ఒక స్క్రూడ్రైవరు తీసి సంచిలో పెట్టారు, మళ్ళీ బయటికి తీశారు. కోపమో మరేమిటో నాకు తెలియలేదు. పధ్నాలుగేళ్ళుగా ఈ ముఖం నాకు కంఠతా వచ్చనుకున్నాను.

"ఒక్కడినేనని చెప్పేశాను కంపెనీకి" అన్నారు. మార్చమని అడగండి అన్నాను. కుదరకపోవచ్చు అన్నారు. కుదరకపోతే అప్పుడు చూద్దాం, ముందు అడగండి అన్నాను. ఆ సంచి జిప్పు సగం దాకా లాగి వదిలేశారు. తరువాత నా వంక చూశారు.

"ఆ బల్ల దగ్గర మా ఆవిడని అడిగితే వస్తానంది. ఈ గుమ్మంలో చెప్తే వెళ్ళి రండి అన్నావు. ఇప్పుడు నన్ను ఎవరి మాట నమ్మమంటావు?"

ఆవిడ మాటే నమ్మండి అన్నాను.